గాలి కబురు

మా అమ్మ పొట్ట కోసి పిత్తాశయం తీసేసినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. 1989 వేసవి సెలవులు. తీసిన రాళ్ళు సీసాలో పెట్టి చూపిస్తారని ఎవరో చెబితే సంబరపడి వెళ్ళాను. తీరా నాకు దక్కింది ఆసుపత్రి వరండాలో చాప మీద నాయనమ్మ పక్కన ఇంత చోటూ, ఎదురుగా ఉన్న మందుల షాపుకి వచ్చే ఫోనుకి జవాబు చెప్పే ఉద్యోగమూను. రాజాం నుంచి మా పెద్దనాన్న రోజూ పొద్దుటే ఫోను చేసేవాడు. జ్వరం వచ్చిందా, కుట్లెన్ని పడ్డాయి, డాక్టరుగారేమన్నారు, ఇవేవీ అడిగేవాడు కాదు. ఒకటే ప్రశ్న.

"ఏటే గుంటా, గాలి ఎల్లిందా?"

"ఇంకా లేదు పెద్దనాన్నా."

"సర్లే" అని ఠక్కున పెట్టేసేవాడు. మర్నాడు మళ్ళీ అదే.

పాఠకులు ముక్కున వేలేసుకోనక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా పొట్ట ఆపరేషను జరిగి ఉంటే ఈ ప్రశ్న మీరూ వినే ఉంటారు. పొట్ట కోసి పేగుల్ని చేత్తో కదిపితే అవి అలిగి పడుకుంటాయి. మళ్ళీ లేచి పనిలో పడ్డాయనడానికి మొదటి సాక్ష్యం ఆ గాలే. అది వెళ్ళేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా పోయకూడదన్నది అప్పటి శాస్త్రం. మా నాయనమ్మ అమ్మ పెదాలకి తడిగుడ్డ అద్దుతూ మూడు రోజులు కూర్చుంది. మామూలప్పుడు నలుగురిలో అనకూడని మాట కోసం ఇంటిల్లిపాదీ నోరు తెరుచుకుని ఎదురుచూశాం. అమ్మ సిగ్గుతో సగం చచ్చింది.

మిగతా సగం నొప్పితో.

మొదటి రాత్రి ఒక ఇంజక్షను ఇచ్చారు. అమ్మ హాయిగా నిద్రపోయింది. అర్ధరాత్రి దాటాక మూలగడం మొదలుపెట్టింది. నాన్న వెళ్ళి ఇంకొకటి ఇమ్మని అడిగితే సంగతి తెలిసింది. ఆ మందు బీరువాలో ఉంది. బీరువాకి తాళం ఉంది. తాళంచెవి డ్యూటీ దిగి ఇంటికెళ్ళిపోయింది. తెల్లారేదాకా మా నాయనమ్మే మందు.

"ఓర్సుకోవే. ఆడపుటక పుట్టీసి ఓర్సుకోనంటే ఎలగ?"

ఆ ఆసుపత్రి పేరు చెప్పను. చెప్పి ప్రయోజనమూ లేదు.

నాలుగో రోజు తెల్లవారుజామున కబురొచ్చింది. నాయనమ్మ వార్డంతా వినబడేలా చాటింది. పక్క మంచం వాళ్ళు కూడా సంతోషించారు. నేను చెప్పుల్లేకుండానే మందుల షాపుకి పరుగెత్తాను.

ముప్ఫయి మూడేళ్ళ తర్వాత, 2022లో, విశాఖపట్నంలో నా పొట్టా కోశారు. గర్భసంచిలో గడ్డలు. నాలుగేళ్ళ వేళ్ళంత కోత. ఆ రాత్రి మూలగడానికి సిద్ధపడి పడుకున్నాను గాని, మూలగవలసినంత నొప్పి రాలేదు. ఆరు గంటలు గడిచాక కాఫీ ఇచ్చారు. మర్నాడు పొద్దున్న నడిపించారు. మా అమ్మ పడ్డ నొప్పి నా దాకా రాకుండా ఎక్కడ ఆగిపోయింది? నేను బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని. వైద్యం నాకు రాదు. కాని కథ ఎక్కడ మలుపు తిరిగిందో వెతకడం నా వృత్తి కదా. ఇంటికొచ్చాక బరువులెత్తకూడదన్న నలభై రోజులూ పుస్తకాలే ఎత్తాను.

మొదట నాకు తగిలింది మా నాయనమ్మ పుట్టింటి డబ్బా.

ఆవిడది పాలకొండ వైపు. వాళ్ళ నాన్న రోజూ పొద్దువాలేసరికి చిన్న రేకు డబ్బా తీసి కందిగింజంత నల్లమందు నోట్లో వేసుకునేవాడట. తప్పేం కాదు. అప్పట్లో సర్కారు లైసెన్సు దుకాణంలో అమ్మేవారు. గంగ ఒడ్డున ఘాజీపూర్‌లో కంపెనీ దొరల కాలంలోనే నల్లమందు ఫ్యాక్టరీ వెలిసింది. దాన్ని చైనాకి అమ్మి దొరలు గడించిన సంగతి చరిత్ర పుస్తకంలో చదువుకున్నాం. మనవాళ్ళకీ కొంత అమ్మారన్న సంగతి అంతగా చదువుకోలేదు. మన్యం ప్రాంతాల్లో చలిజ్వరం రాకుండా అదే కాపు అని నమ్మేవాళ్ళు. ఊడ్పులకి వెళ్ళే తల్లి చంటిపిల్ల ఏడవకుండా వేలి చివర రాసి నాకించేది. ఆ నిద్రలోంచి కొందరు పిల్లలు లేవలేదనీ నాయనమ్మే చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మార్చేది కాదు. వాన రాలేదు, పంట పోయింది అన్నట్టే చెప్పేది.

ఈ వ్యవహారం మంచిదా చెడ్డదా తేల్చమని 1893లో ఇంగ్లండులో రాయల్ కమిషన్ వేశారు. వాళ్ళు ఈ దేశమంతా తిరిగి సాక్ష్యాలు తీసుకుని 1895లో నివేదిక ఇచ్చారు. భారతీయులు దాన్ని మితంగానే పుచ్చుకుంటున్నారు, పెద్ద ప్రమాదం ఏమీ లేదు అని తేల్చారు. ఖజానాకి ఆదాయం తెచ్చే వస్తువులో ప్రమాదం కనపడటం కష్టం లెండి. చివరికి స్వతంత్రం వచ్చాక పదేళ్ళ గడువు పెట్టుకుని, 1959 మార్చి 31తో వైద్యానికి తప్ప నల్లమందు అమ్మకం ఆపేశారు. అప్పటికి ముత్తాత లేడు. డబ్బా మాత్రం ఉండేది. అందులో నాయనమ్మ సూదులు దాచుకునేది.

భాష సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. తెలుగులో మందు అంటే జబ్బు తగ్గించేది. పురుగులమందు అంటే చంపేది. తుపాకిమందు పేలేది. ఉత్త మందు అంటే, ఈమధ్య, సీసాలో ఉండేది. ఇన్ని అర్థాలూ ఒక్క వస్తువుకి సరిపోతే అది నల్లమందే. మన పూర్వులు దానికి వేరే పేరు పెట్టకుండా రంగు మాత్రం చెప్పి ఊరుకోవడంలో ఎంతో జాగ్రత్త కనిపిస్తుంది నాకు.

ఆ డబ్బాకి ఇంకో పని కూడా ఉండేది. ఇంట్లో ఎవరికైనా నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే అందులోంచి చిటికెడు. కట్టేసినట్టు ఆగిపోయేవి. తెల్లవాళ్ళ వైద్యమూ అంతే. మన దేశంలో పనిచేసిన జాన్ కాలిస్ బ్రౌన్ అనే సైనిక వైద్యుడు 1848 ప్రాంతంలో కలరాకి ఒక మిశ్రమం కనిపెట్టాడు. క్లోరోడైన్ అని దాని పేరు. నల్లమందు సారం, గంజాయి సారం, క్లోరోఫారం, మూడూ కలిసిన మహత్తరమైన మందు. జబ్బు తగ్గకపోయినా రోగికి పట్టింపు ఉండదు. దశాబ్దాల పాటు ప్రపంచమంతా అమ్ముడుపోయింది.

అంటే ఏమిటన్నమాట? నల్లమందు పేగుల్ని నిద్రపుచ్చుతుంది. కలరా రోగికి అది కావాలి. పొట్ట కోయించుకున్న మనిషికి మాత్రం అది రెండో దెబ్బ. కత్తి తగిలి ముందే అలిగి పడుకున్న పేగులకి జోల పాడినట్టు. మా పెద్దనాన్న ఫోను ప్రశ్నలోనూ, బీరువాలో తాళం వేసి ఉన్న మందులోనూ నలుగుతున్నది ఒకే తగువు అని నాకు నలభై రెండేళ్ళకి గాని తెలియలేదు.

ఈ తగువు వైద్యులకి చాలా ఆలస్యంగా వచ్చింది. అసలు మొదట వాళ్ళ బెంగ వేరు. జర్మనీలో సెర్‌ట్యూర్నర్ అనే మందుల దుకాణం కుర్రాడు 1805 ప్రాంతంలో నల్లమందులోంచి దాని సత్తువంతా వేరుచేసి, గ్రీకుల కలల దేవుడి పేరు పెట్టాడు. అదే మార్ఫిన్. 1853లో ఎడింబరోలో అలెగ్జాండర్ వుడ్ దాన్ని సూదితో చర్మం కింద ఎక్కించాడు. ఈలోగా 1846లో బోస్టన్‌లో ఈథరు, 1847లో ఎడింబరోలో క్లోరోఫారం వచ్చాయి. కోసేటప్పుడు కెవ్వుమనకుండా ఉండటమే అప్పటికి పెద్ద అద్భుతం. కోశాక సంగతి రోగి చూసుకోవాలి.

మన తెలుగు నేల ఈ చరిత్రలో ఒక పేజీ సంపాదించింది. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ పట్టుబట్టగా, నిజాం ధనంతో, 1888లోనూ 1889లోనూ రెండు క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన వైద్యుడే వచ్చాడు. క్లోరోఫారం ముందు గుండెని ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అని తగువు. వందలకొద్దీ జంతువుల మీద పరీక్షలు చేశారు. ఆ రోజుల్లోనే అక్కడ రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ యువతి మత్తు ఇవ్వడం నేర్చుకుంది. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఆమె ఒకరు. ఆమె మీద ఎప్పటికైనా నవల రాయాలని నాకో కోరిక. ఇన్ని చేసిన ఆ కమిషన్లకి కూడా అప్పగించిన పని రోగి నిద్రలో ఉన్నప్పటిదే. మెలకువ వచ్చాక ఆ రాత్రి ఎలా గడిచింది అన్నది విచారణలో లేదు.

మా ఉత్తరాంధ్ర వాళ్ళకి హైదరాబాదు ఏ మూలో. మాకు పెద్దాసుపత్రి అంటే విశాఖపట్నమే. 1923లో అక్కడ వైద్యకళాశాలా, కింగ్ జార్జి ఆసుపత్రీ మొదలయ్యాయి. శ్రీకాకుళం 1950లో విడిజిల్లా అయినా, విజయనగరం 1979లో అయినా, కడుపులో గట్టి నొప్పొస్తే మాత్రం రైలెక్కి ఒకే స్టేషన్‌లో దిగేవాళ్ళం. ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాళ్ళు దిగేసరికి అపెండిక్సు పగిలేది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలుపెట్టినప్పుడు తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మరుసటి ఏడాది శ్రీకాకుళానికీ, 2023లో విజయనగరానికీ ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చాయి. ఇప్పుడు కోత దగ్గరకొచ్చింది. నొప్పి నివారణ కూడా దాని వెనకే వచ్చిందా అంటే, అదే నా అసలు ప్రశ్న.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ పార్వతీపురం దగ్గర పల్లె నుంచి వచ్చింది. నా ఆపరేషనయ్యాక నూనె రాస్తూ, తనకి కుటుంబ నియంత్రణ ఆపరేషను జరిగిన సంగతి చెప్పింది. ఒకే రోజు చాలామందికి వరసగా చేశారట. మధ్యాహ్నం ఆపరేషను, సాయంత్రం ఆటో.

"నొప్పి లేదా?" అన్నాను.

"నొప్పేటమ్మా, నొప్పుంటాది కదా. రెండు బిల్లలిచ్చారు. గతుకుల్లో ఆటో ఎగిరినప్పుడల్లా పేనం పోయినట్టే. ఇంటికొచ్చీసి పొయ్యి ముట్టించినాను. మావోడు ఆకలంటే ఏటి సేస్తాను?"

నేను ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం పెళ్ళయి పిల్లల్ని కనే వయసులో ఉన్న పదిమంది ఆడవాళ్ళలో ఏడుగురు ఈ ఆపరేషను చేయించుకున్నవాళ్ళే. కాన్పుల్లో నూటికి నలభైకి పైగా కోత కాన్పులు. మన రాష్ట్రంలో పొట్ట మీద కత్తి పడ్డ చరిత్ర ఎవరైనా రాస్తే అది చాలా భాగం ఆడవాళ్ళ చరిత్రే అవుతుంది. అందుకే కాబోలు, ఓర్చుకోమనడం అంత సులువైంది.

ఓర్చుకోవడం వీరత్వమేమో గాని వైద్యం కాదట. పొట్ట నొప్పి పుడుతుంటే మనిషి గట్టిగా ఊపిరి పీల్చడు. దగ్గడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. మంచం దిగడు. కాళ్ళల్లో రక్తం గడ్డకడుతుంది. పైపెచ్చు, నొప్పి ఎక్కువైతే పేగులు కూడా లేవవు. చూశారా మెలిక! నల్లమందు జాతి మందు ఇస్తే పేగులు పడుకుంటాయి, ఇవ్వకపోతే నొప్పికి పడుకుంటాయి. పొట్ట ఆపరేషను చేసే డాక్టర్లు నూరేళ్ళ పైగా ఈ రెంటి మధ్యా పోకచెక్కలా నలిగారు.

పేగులకీ మార్ఫిన్‌కీ ఉన్న చుట్టరికం ఎంత దగ్గరిదో చెప్పే కథ ఒకటి స్కాట్లండులో జరిగింది. అబర్డీన్‌లో కోస్టర్‌లిట్జ్ అనే ప్రొఫెసరు గినీపంది పేగు ముక్కని ద్రవంలో వేలాడదీసి, విద్యుత్తు తగిలించి, అది ముడుచుకోవడం కొలిచేవాడు. మార్ఫిన్ చుక్క పడితే ముడుచుకోవడం తగ్గుతుంది. అంతే, ఆయన తక్కెడ అదే. 1973లో అమెరికాలో మెదడులో మార్ఫిన్ వచ్చి కూర్చునే పీటలున్నాయని కనుక్కున్నారు. మన ఒంట్లో ఆ పీటలెందుకున్నాయి? మనం పుట్టేటప్పుడే గసగసాల తోట గురించి దేవుడికి తెలుసా? కోస్టర్‌లిట్జూ, ఆయన సహచరుడు హ్యూజూ పంది మెదళ్ళు నూరి రసం తీసి, చుక్క చుక్కా పరీక్షించి, 1975లో జవాబు చెప్పారు. మన మెదడే తన సొంత మార్ఫిన్ వంటిది తయారుచేసుకుంటుంది. వాళ్ళు దాన్ని పట్టుకున్నది ఇలాంటి కణజాలపు ముక్కలు ముడుచుకోవడం మానేయడం చూసే. పీటలు మెదడులోనూ ఉన్నాయి, పేగుల్లోనూ ఉన్నాయి. నొప్పి మందు ఏ పీట మీద కూర్చోవాలో మనం చెబితే వినదు. అన్నిటి మీదా కూర్చుంటుంది.

పెథిడిన్ కథ ఇంకా తమాషా. 1930ల చివర్లో జర్మన్ రసాయనవేత్తలు పేగుల పట్టు వదిలించే మందు కోసం వెతుకుతూ దాన్ని తయారుచేస్తే, అది నొప్పి మందుగా తేలింది. మా అమ్మ బీరువాలో ఉన్నది అదేనని నాన్న అనేవారు.

బీరువాకి అంత తాళం ఎందుకంటే, 1985 నవంబరు 14న, పిల్లల పండగ నాడు, మాదకద్రవ్యాల చట్టం అమల్లోకొచ్చింది. మత్తు వ్యాపారుల్ని పట్టుకోవడానికి వేసిన వల. దొంగ చేపలు ఎన్ని పడ్డాయో గాని ఆసుపత్రులు మాత్రం గట్టిగా పడ్డాయి. లైసెన్సు మీద లైసెన్సు, ఒక ఆంపూల్ లెక్క తప్పితే జైలు. ఎందుకొచ్చిన గొడవని చాలామంది మార్ఫిన్ తెప్పించడమే మానేశారు. 1985లో దేశం మొత్తం మీద ఏడాదికి ఆరువందల కిలోల దాకా వాడేవాళ్ళు, 1997 నాటికి పద్ధెనిమిది కిలోలకి దిగిపోయింది. మధ్యప్రదేశ్‌లోనూ రాజస్థాన్‌లోనూ సర్కారు లైసెన్సుతో గసగసాలు పండుతూనే ఉన్నాయి. విదేశాల మందుల కంపెనీలకి నల్లమందు ఎగుమతి అవుతూనే ఉంది. ఇక్కడ క్యాన్సరు రోగి గోడకి తల కొట్టుకుంటున్నాడు. కేరళలో కొందరు డాక్టర్లు ఏళ్ళ తరబడి పోరాడగా 2014లో చట్టం సవరించారు.

సరిగ్గా ఇదే కాలంలో అమెరికాలో దీనికి తలకిందులు. 1996లో ఆక్సీకాంటిన్ అనే మాత్ర వచ్చింది. పన్ను పీకినా, మోకాలు కోసినా, కాన్పు కోత పడినా ఇంటికెళ్ళేటప్పుడు సీసాడు మాత్రలు. ఆపరేషను నొప్పి పోయాక కూడా కొందరికి మాత్ర పోలేదు. 2021 ఒక్క ఏడాదిలో ఈ జాతి మందుల వల్ల అక్కడ చచ్చిపోయినవాళ్ళు ఎనభై వేలు దాటారు. ఆ చావుల్లో ఎక్కువ దొంగచాటు ఫెంటానిల్ వల్లనే అయినా, వరద మొదలైంది డాక్టరు చీటీతోనే అంటారు. అక్కడినుంచి ఇప్పుడు ప్రపంచానికి కేక వినిపిస్తోంది, ఆపరేషన్ల తర్వాత ఈ మందు తగ్గించండి అని.

కేక మంచిదే. కాని ఆ కేక పార్వతీపురం ఆటోలో కూర్చున్న మనిషికి వినిపిస్తే ఏమనుకోవాలి? వీసెల కొద్దీ ఉన్నవాడిని తగ్గించమనడం వేరు. అసలు ఏమీ లేనివాడికి తగ్గించమని చెప్పడం వేరు. నాకీ భయం పుస్తకాలు చదువుతున్నంతసేపూ ఉంది. ఓర్చుకోమనే పాత మాటే కొత్త తెల్లకోటు తొడుక్కుని వస్తుందేమోనని.

నా భయం కొంత తీరింది డెన్మార్క్ డాక్టరు హెన్రిక్ కేలెట్ గురించి చదివాక. కోపెన్‌హేగన్‌లో సర్జనాయన. 1990ల్లో ఆయన మొదలుపెట్టిన పద్ధతిలో మందు తగ్గించడం ఫలితమే గాని లక్ష్యం కాదు. నొప్పి ఒక దారిన రాదు, కోత దగ్గర పుడుతుంది, నరం వెంట నడుస్తుంది, వెన్నులో మలుపు తిరుగుతుంది, మెదడులో కూర్చుంటుంది. ఒక్క మార్ఫిన్ మీదే భారం పెట్టకుండా దారి పొడుగునా తలా ఒక చెక్‌పోస్టు పెట్టమన్నాడు. కోత దగ్గర తిమ్మిరి మందు. వెన్నులో సన్నని గొట్టం. వాపు తగ్గించే మందు. పారాసెటమాల్, అదీ రోగి అరిచినప్పుడు కాదు, గడియారం చూసి వేళకి. ఇవన్నీ దాటుకుని వచ్చిన నొప్పికి మాత్రమే మార్ఫిన్, కొద్దిగా. దాంతోపాటు పాత మడి కూడా తీసేశాడు. గాలి వెళ్ళేదాకా ఉపవాసం ఎందుకు? అదే రోజు తాగించండి, తినిపించండి, నడిపించండి అన్నాడు. 1995లో ఆయన బృందం పెద్దపేగు ఆపరేషనైన కొద్దిమంది వృద్ధుల్ని రెండు రోజులకే ఇంటికి పంపామని రాస్తే వైద్యలోకం నమ్మలేదట. మా నాయనమ్మ అయితే ఆయన మీద పోలీసు రిపోర్టు ఇచ్చి ఉండేది.

2002లో జపానులో కొందరు డాక్టర్లు ఇంకో చిట్కా చూపారు. ఆపరేషనైనవాళ్ళ చేత చూయింగ్ గమ్ నమిలిస్తే, అన్నం వస్తోంది కాబోలని మోసపోయి పేగులు ముందే లేచాయట. మన తాంబూలం ఎవరూ పరీక్షించినట్టు లేరు.

ఇక నా సంగతి. ఆపరేషనుకి ముందురోజు మత్తు డాక్టరు వచ్చింది. పాతికేళ్ళు దాటి ఒకటో రెండో. కాగితం చూసి, "మేడమ్, మీది ఏ ఊరండీ?" అంది. మనవైపు ఊరు అడిగారంటే తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ఇంకోటి అడుగుతారని నాకు తెలుసు. లేకపోతే నా నవలలు చదివిందేమోనని చిన్న ఆశ కూడా కలిగింది.

"పుట్టిల్లు విజయనగరం. అత్తవారిది కవిటి" అన్నాను.

"కవిటిలో ఎన్నేళ్ళున్నారు?"

"పదిహేనేళ్ళు."

"అయితే క్రియాటినిన్ ఇంకోసారి చూస్తానండీ" అని రక్తం తీయించుకుని వెళ్ళిపోయింది.

నవలలూ లేవు, ఇంటిపేరూ లేదు. ఆ పిల్ల అడిగింది ఉద్దానం గురించి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, కొబ్బరితోటల మధ్య ఎంత అందమైన ఊళ్ళో చూసినవాళ్ళకి తెలుసు. ఆ తోటల్లో పనిచేసేవాళ్ళు నలభై యాభయ్యేళ్ళకే కిడ్నీలు చెడి రాలిపోతున్నారు. మా అత్తవారి వీధిలోనే నాలుగిళ్ళు. ఇన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రీ, పరిశోధన కేంద్రమూ ప్రారంభించారు.

దీనికీ నొప్పి మందుకీ ఏమిటి సంబంధం? మార్ఫిన్ తగ్గించాలంటే ఎక్కువగా దాని చోట వేసేది డైక్లోఫెనాక్, కెటోరొలాక్ లాంటి వాపు మందులు. అవి బలహీనమైన కిడ్నీలకి కూడనివి. పోనీ మార్ఫినే ఇద్దామంటే, కిడ్నీ పని చెయ్యకపోతే దాని తాలూకు మిగుళ్ళు ఒంట్లో పేరుకుని మనిషిని మత్తులో ముంచుతాయి. కోపెన్‌హేగన్ పుస్తకంలో ఉన్న జాబితాని తెచ్చి ఉద్దానం మనిషి మీద యథాతథంగా ప్రయోగిస్తే నొప్పి పోయి డయాలసిస్ రావచ్చు. అందుకే ఆ పిల్ల ఊరడిగింది. ఇంతవరకూ నన్ను ఊరడిగినవాళ్ళందరిలోకీ అంత పనికొచ్చే కారణం ఉన్నది ఆమె ఒక్కతే.

నా కిడ్నీలు బాగానే ఉన్నాయట. అయినా ఆమె జాగ్రత్తపడింది. ఆపరేషను బల్ల మీదే స్కానింగ్ తెర చూస్తూ, పొట్ట పక్కల కండరాల పొరల మధ్యకి సూది పోనిచ్చి తిమ్మిరి మందు నింపింది. పొట్ట గోడకి వెళ్ళే నరాలన్నీ ఆ పొరల మధ్యనుంచే వెళతాయట. 2001లో ఎవరో ఈ సందు చూపెట్టారు, తర్వాత స్కానింగ్ తోడై చూస్తూ చేయడం వచ్చింది. దానికి ఖరీదైన మందేమీ అక్కర్లేదు, స్కానింగ్ యంత్రమూ, నేర్చుకున్న చెయ్యీ ఉంటే చాలంది. ఆ రెండూ శ్రీకాకుళం జిల్లా ఆసుపత్రులన్నింటిలో ఎప్పటికుంటాయో, ఆటోలో వెళ్ళే ఆవిడ కూతురికైనా అందుతాయో లేదో, అది నేను అడగలేదు. అడగవలసింది ఆ పిల్లని కాదు.

"బీరువాలో మార్ఫిన్ ఉందా?" అని మాత్రం అడిగాను.

"ఉందండీ. తట్టుకోలేకపోతే రాత్రి ఎన్నింటికైనా చెప్పండి. తాళంచెవి నైట్ డ్యూటీ సిస్టర్ దగ్గరే ఉంటుంది."

ఆ మాటకి నాకు ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భయపడుతున్నాననుకుని ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

ఆ రాత్రి చెప్పవలసిన అవసరం పడలేదు. ఒకసారి పక్కకి తిరిగినప్పుడు చురుక్కుమంది. వేళకి పారాసెటమాల్ సీసా ఎక్కింది. మొదట ఇచ్చిన కాఫీ చూసి మా అమ్మ మంచం మీంచి లేచి నిలబడింది.

"కాఫీయా! గాలి వెళ్ళకుండానే?"

"ఫర్వాలేదండీ, తాగొచ్చు" అంది నర్సమ్మ.

అమ్మ నమ్మలేదు. నేను తాగుతున్నంతసేపూ గ్లాసు వంకా నా పొట్ట వంకా మార్చి మార్చి చూసింది. రాత్రి రెండుసార్లు లేచి నా దుప్పటి సరిచేసి, "నొప్పిగా ఉందా?" అంది. లేదంటే, ఏదో తనకి రావలసింది నాకిచ్చేసినట్టు కాసేపు ఊరికే కూర్చుంది. "నాకప్పుడు ఆ తాళంచెవి ఒక్కటి ఉండి ఉంటే" అని మాట మధ్యలో ఆపేసి, బొట్టు సర్దుకుని పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం, వరండాలో రెండో చుట్టు నడుస్తుండగా, నేనామె చెవిలో ఒక మాట చెప్పాను. అమ్మ నన్ను గోడ పక్కన నిలబెట్టి, చీర కొంగులోంచి సెల్‌ఫోను తీసి రాజాం కలిపింది. పెద్దనాన్నకి ఎనభై దాటాయి, చెవుడు. వరండా ఆ చివరదాకా వినబడింది.

"ఎల్లింది బావగారూ! ఒక్కరోజుకే ఎల్లింది!"